జీతాలు పడ్డాకే చెట్లా? కంపెనీ పగ్గాలు అందుకోబోతూ ఒక సందేహం

కొత్తపగ్గాలు:
అందరికీ నమస్కారం. మాది ప్యాకేజింగ్ ఫిల్మ్ మీద ప్రింటింగ్ చేసే కంపెనీ. రెండు వందల పైచిలుకు మనుషులం. పెదనాన్న ముప్పై ఏళ్లుగా నడుపుతున్నారు, ఇంకో నాలుగు నెలల్లో ఆ కుర్చీలో నేను కూర్చోవాలి. ప్రొడక్షన్‌లో పదకొండేళ్లు చేశాను కాబట్టి మిషన్ల గురించి భయం లేదు. నా టెన్షన్ వేరే.

పోయిన నెల మా పెద్ద కస్టమర్ ఒక ప్రశ్నావళి పంపారు. ఎనభై నాలుగు ప్రశ్నలు. కరెంటు ఎంత, నీళ్లు ఎంత, ఇంకుని పల్చన చేసే సాల్వెంట్ ఎంత గాల్లో కలుస్తోంది, ఓవర్‌టైమ్ ఎన్ని గంటలు, ఆడవాళ్లు ఎంతమంది. పెదనాన్న నాలుగు పేజీలు తిప్పి, "ముందు నెలాఖరుకి జీతాలు పడనీ, చెట్లూ చేమలూ తర్వాత చూద్దాం" అన్నారు. ఆయన్ని తప్పుగా అనుకోకండి. ఆర్డర్లు లేక మిషన్లు ఆగిపోయిన రోజుల్లో సొంత స్థలం అమ్మి జీతాలిచ్చిన మనిషి.

నా ప్రశ్న ఒక్కటే. కంపెనీని లాభాల్లో ఉంచుతూ మనుషులకీ గాలికీ నీళ్లకీ జవాబుదారీగా నడపడం నిజంగా కుదిరే పనేనా, లేక బ్రోషర్లలో రాసుకోవడానికేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?

లెక్కలపుస్తకం:
మీ పెదనాన్న గారికే నా ఓటు. ఆడిట్‌లో పంతొమ్మిదేళ్లు చేశాను. నష్టాల్లో మునిగిన కంపెనీ బాధ్యతగా నడవడం ఇంతవరకు చూడలేదు. డబ్బు కటకట మొదలైతే ముందు ఆగేవి కార్మికుల బకాయిలు. ఆ తర్వాత రాత్రిపూట మురుగునీటి శుద్ధి ప్లాంటుకి స్విచ్ ఆఫ్.

ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1970లో రాసింది అందరూ తిడతారు కానీ అందులో ఒక మెలిక ఉంది. మేనేజర్ తన జేబులోంచి ఇస్తే ఎవరూ కాదనరు. వాటాదారు డబ్బు తీసి ఇచ్చి, దండ మాత్రం తన మెడలో వేయించుకుంటే? అత్త సొమ్ము అల్లుడు దానం. ఆటకున్న నియమాలు పాటిస్తూ లాభం పెంచడమే వ్యాపారం బాధ్యత, మిగతాది ప్రజలూ ప్రభుత్వమూ చూసుకోవాలి అన్నాడాయన.

నిప్పురవ్వ:
"ఆటకున్న నియమాలు" అంటారు సరే, ఆ నియమాలు రాసేవాళ్ల ఇంటి ముందు క్యూ కట్టేది ఎవరండీ? ఆడేవాళ్లే కదా.

ఇక ప్రశ్నావళి సంగతి. కంపెనీలు నింపిన ఇలాంటి ప్రశ్నావళులు చూసి ఎవరు బాధ్యతగా ఉన్నారో మార్కులు వేసే డౌ జోన్స్ సస్టైనబిలిటీ సూచీ వాళ్లు 2015 సెప్టెంబర్‌లో కార్ల కంపెనీల్లో ఫోక్స్‌వ్యాగన్‌కి మొదటి స్థానం ఇచ్చారు. అదే నెల 18న అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ నోటీసు ఇచ్చింది. టెస్ట్ జరుగుతోందని కారే పసిగట్టి, అంతసేపు మాత్రం పొగ తగ్గించుకునే సాఫ్ట్‌వేర్ డీజిల్ ఇంజన్లలో పెట్టారని. ప్రపంచం మొత్తం మీద కోటీ పది లక్షల కార్లు. పైన పటారం లోన లొటారం అంటే ఇదే. తర్వాత సూచీలోంచి పేరు తీసేశారనుకోండి. కానీ ఫారాలు నింపిన ఉద్యోగికి ఆ ఇంజన్ సంగతి తెలుసనుకుంటున్నారా? నాకైతే అనుమానమే. ఫారం ఒక గదిలో నింపుతారు, పొగ ఇంకో గదిలో వస్తుంది.

సప్లయర్‌సోదరుడు:
ఎనభై నాలుగే అయితే అదృష్టవంతులు మేడం. నాకు నూట ముప్పై వచ్చాయి. నింపి పంపిన వారానికి అదే కంపెనీ పర్చేజ్ డిపార్ట్‌మెంట్ నుంచి ఫోన్, రేటు ఏడు శాతం తగ్గించమని. డెలివరీ పదిహేను రోజుల నుంచి తొమ్మిది రోజులకి దించమని. ప్రశ్నావళిలో ఓవర్‌టైమ్ గురించి పన్నెండు ప్రశ్నలున్నాయి. ఆ ఓవర్‌టైమ్ పుట్టేదే ఈ ఫోన్‌లోంచి అని వాళ్లకి ఎవరు చెప్పాలి?

చినుకు:
సప్లయర్ గారు చెప్పింది ఈ చర్చలో అన్నిటికంటే ముఖ్యమైన పాయింట్ అని నా అభిప్రాయం. దాని దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు "కుదిరే పనేనా" అన్నదానికి ఒక ఉదాహరణ. నేను కాలుష్య నియంత్రణ ఇంజనీర్‌ని, ఈ కథ నాకు బాగా ఇష్టం.

అమెరికాలో ఇంటర్‌ఫేస్ అని ఆఫీసులకి కార్పెట్ పలకలు చేసే కంపెనీ. రే ఆండర్సన్ 1973లో పెట్టాడు. ఆ కార్పెట్‌లో నూలు దగ్గర్నుంచి అడుగుపొర దాకా అంతా పెట్రోలియం సరుకే. 1994లో కస్టమర్లు సేల్స్ వాళ్లని అడగడం మొదలుపెట్టారు, పర్యావరణం కోసం మీ కంపెనీ ఏం చేస్తోందని. వాళ్ల దగ్గర జవాబు లేదు. అచ్చం మీ ప్రశ్నావళి లాగే. దీని మీద మాట్లాడమని ఆండర్సన్‌ని పిలిస్తే, చట్టం పాటిస్తున్నాం అన్న ఒక్క ముక్క తప్ప చెప్పడానికి ఆయన దగ్గరా ఏమీ లేదు. అప్పటికి ఆయన వయసు అరవై. ఇంకొకరైతే రిటైర్మెంట్ ప్లాన్ వేసుకునేవారు. ఈయన 2020 నాటికి భూమికి చేసే హాని సున్నాకి తేవాలని లక్ష్యం పెట్టాడు.

నాకు నచ్చేది లక్ష్యం కాదు, ఆ తర్వాత వచ్చిన ఒక పలక. మామూలుగా కార్పెట్ పలకలన్నీ ఒకే వైపు తిప్పి పరవాలి, రంగు ఒకే బ్యాచ్‌ది అయ్యుండాలి, లేకపోతే అతుకు కనిపిస్తుంది. అందుకే కోతల్లో వేస్ట్, రేపు మరక పడితే మార్చడానికని ముందే దాచుకునే స్టాకు. వాళ్ల డిజైనర్లు అడవికి వెళ్లి నేల చూశారు. రాలిన ఆకులు, పుల్లలు, ఏ రెండు అడుగుల చోటూ ఒకేలా ఉండదు, అయినా కంటికి అంతా ఒకటే నేల. అలాంటి పలకే చేశారు. ఎటు తిప్పి వేసినా సరిపోతుంది, బ్యాచ్ మారినా తెలియదు, ఒక్కటి పాడైతే ఒక్కటే తీసి మార్చొచ్చు. వేస్ట్ తగ్గింది, పరిచేవాడికి టైమ్ కలిసొచ్చింది, వాళ్ల సరుకులో బాగా అమ్ముడుపోయిన వాటిలో అదొకటి అయింది. ఇందులో త్యాగం ఎక్కడుందో చూపించండి.

లెక్కలపుస్తకం:
చూపిస్తాను. అదే కంపెనీ కార్పెట్‌ని అమ్మకుండా అద్దెకిచ్చే పథకం పెట్టి బోల్తా పడింది కదా. అది కూడా చెప్పండి.

చినుకు:
చెప్తాను, దాపరికం లేదు. పాతబడ్డ కార్పెట్ వెనక్కి తీసుకుని మళ్లీ సరుకు చేయాలన్నది ఐడియా. కానీ కొనేవాళ్ల లెక్కల్లో కార్పెట్ అనేది ఒకసారి పెట్టే పెట్టుబడి ఖర్చు. నెలనెలా అద్దె అంటే వేరే బడ్జెట్, వేరే సంతకం. పథకం నడవలేదు. దాంతో ఆయన లక్ష్యం వదిలేశాడా? లేదు, ఇంకో దారి చూసుకున్నాడు.

పాతమేస్త్రి:
అమ్మా, నేను ప్రింటింగ్‌లోనే ముప్పై రెండేళ్లు చేసి రిటైర్ అయ్యాను. అమెరికా కథలు బాగున్నాయి గానీ నాకో చిన్న లెక్క కావాలి. రంగు మార్చినప్పుడల్లా ట్రే, సిలిండర్, ఎక్కువైన ఇంకు గీకేసే డాక్టర్ బ్లేడ్ సాల్వెంట్‌తో కడుగుతారు కదా. ఆ కడగడానికి మీ దగ్గర ఎన్ని రోజులకి ఒక డ్రమ్ము అవుతోంది?

కొత్తపగ్గాలు:
మేస్త్రి గారూ, సిగ్గుగా ఉంది, నాకు తెలియదు. ఇంకుకి కలిపే సాల్వెంటూ కడగడానికి వాడేదీ మా దగ్గర ఒకే పద్దులో రాస్తారు. రేపు స్టోర్‌కి వెళ్లి చూసి చెప్తాను.

నిప్పురవ్వ:
చూశారా. ఎనభై నాలుగు ప్రశ్నల్లో ఈ ప్రశ్న లేదు.

కొండదారి:
చినుకు గారి ఉదాహరణలో అదృష్టం కలిసొచ్చింది. లాభం, మంచి ఒకే పలకలో దొరికాయి. అవి ఎదురెదురుగా నిలబడ్డప్పుడు ఏం చేశాడన్నదే నాయకుడికి పరీక్ష అనుకుంటాను. కొండలెక్కే అలవాటు ఉంది కాబట్టి నాకు తెలిసిన కథ చెప్తాను.

పాటగోనియా అనే బట్టల కంపెనీ పెట్టకముందు ఇవాన్ షూనార్డ్ కొండలెక్కేవాళ్లకి ఇనుప మేకులు, పిటాన్లు చేసి అమ్మేవాడు. వ్యాపారంలో దాదాపు 70 శాతం అవే. వాటిని రాతి పగుల్లో సుత్తితో దిగ్గొట్టాలి, పైకెళ్లాక మళ్లీ కొట్టి పీకాలి. ఒకే దారిలో వందలమంది ఇలా చేస్తే, వేలు పట్టని పగులు చెయ్యి దూరేంత గుంట అవుతుంది. తను ఎంతో ప్రేమించే రాళ్లని తన సరుకే తినేస్తోందని ఆయనకి అర్థమైంది. పిటాన్ల వ్యాపారం తగ్గించుకోవాలని నిర్ణయించుకున్నాడు. 1972 కేటలాగ్‌లో సుత్తి అక్కర్లేకుండా చేత్తో పెట్టి చేత్తో తీసేసే అల్యూమినియం చాక్‌లు ముందుకి తెచ్చి, అవెందుకు మంచివో పద్నాలుగు పేజీల వ్యాసం వేయించాడు. కొన్ని నెలల్లోనే పిటాన్లు అడిగేవాళ్లు తగ్గిపోయారు, చాక్‌లు చేసిన వెంటనే అమ్ముడుపోయాయి.

తర్వాత అంతా సవ్యంగా జరిగింది కాబట్టి మనకి తేలిగ్గా అనిపిస్తుంది. నిర్ణయం తీసుకున్న రోజున 70 శాతం అమ్మకాలు పణంగా పెట్టాడన్నది మర్చిపోకూడదు. అన్నట్టు మంచి సరుకు చేస్తే మనమే ఊరెళ్లి చాటాలి, లేకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆ పద్నాలుగు పేజీలు లేకపోతే చాక్‌లు షెల్ఫ్‌లోనే ఉండేవి.

లెక్కలపుస్తకం:
ఒప్పుకుంటాను, మంచి కథ. కానీ ఆ కంపెనీ ఆయన సొంతం. అడిగేవాడు లేడు. అదే షేర్ మార్కెట్‌లో ఉన్న కంపెనీ అయితే?

ఫ్రాన్స్‌లో పెరుగు, పాల సరుకులు చేసే డానోన్‌ని చూడండి. దాని అధిపతి ఇమాన్యుయెల్ ఫాబెర్ 2020 జూన్‌లో కంపెనీ నియమావళిలోనే సామాజిక లక్ష్యం రాయించాడు. వాటాదారులు 99 శాతం ఓట్లేసి చప్పట్లు కొట్టారు. తొమ్మిది నెలలు తిరక్కుండా, 2021 మార్చిలో ఆయన్నే బయటికి పంపారు. పోటీ కంపెనీల కంటే షేరు వెనకబడింది, కొందరు ఇన్వెస్టర్లు పట్టుబట్టారు. పర్యావరణం కోసం తీసేశారని నేను అనను, వ్యాపారంలోనూ తప్పులు జరిగాయి. కానీ 99 శాతం ఓట్ల బలం ఎంతో తెలిసింది కదా.

2019 ఆగస్టులో అమెరికాలో 181 మంది సీఈవోలు కలిసి, వాటాదారులకే కాదు ఉద్యోగులకీ సప్లయర్లకీ ఊళ్లకీ మేం బాధ్యులమని ప్రకటన మీద సంతకాలు పెట్టారు. సంతకానికి ఖర్చేముంది, పెన్నులో సిరా తప్ప.

కొండదారి:
అందుకే యాజమాన్యం ఎవరి చేతిలో ఉందన్నది ముందు తేల్చుకోవాలి. షూనార్డ్ 2022లో కంపెనీని అమ్మలేదు, షేర్ మార్కెట్‌కీ తేలేదు. ఓటు హక్కున్న 2 శాతం వాటా ఒక ట్రస్టుకి, ఓటు లేని 98 శాతం పర్యావరణం కోసం పనిచేసే సంస్థకి రాసిచ్చాడు. వ్యాపారంలో పెట్టగా మిగిలిన లాభం అటే పోతుంది.

ఇది కొత్త కాదు. జర్మనీలో కళ్లద్దాల గాజు, మైక్రోస్కోపులు చేసే జైస్ కంపెనీ కోసం ఎర్న్‌స్ట్ ఆబే 1889లోనే ఒక ఫౌండేషన్ పెట్టి, తర్వాత కంపెనీని దాని చేతికిచ్చాడు. 1900 నాటికి అక్కడ ఎనిమిది గంటల పని. పై అధికారి జీతం సగటు కార్మికుడి జీతానికి పది రెట్లు దాటకూడదని నియమావళిలో రాసిపెట్టాడు. ఇక్కడ టాటా స్టీల్‌లో 1912లో ఎనిమిది గంటల పని వచ్చింది. అప్పటికి ఇక్కడ అలాంటి చట్టమే లేదు.

నిప్పురవ్వ:
ట్రస్టు ఉంటే మంచివాళ్లైపోతారని గ్యారంటీ ఏమీ లేదు లెండి. కంచే చేను మేస్తే?

కొండదారి:
గ్యారంటీ లేదు. వచ్చే త్రైమాసికం అంకెల కోసం మెడ మీద కత్తి పెట్టేవాడు ఉండడు, అంతే తేడా.

మందులచీటి:
నేను ఫార్మాలో పనిచేస్తాను. "ముందు లాభం, తర్వాత బాధ్యత" అనేవాళ్ల వైపు కూడా ఒక గట్టి సాక్ష్యం ఉంది, అది అమెరికా మందుల కంపెనీ మెర్క్ కథ. ఐవర్‌మెక్టిన్‌ని వాళ్లు మొదట పశువులకి మందుగా అమ్మారు, విపరీతంగా డబ్బొచ్చింది. అదే మందు నది ఒడ్డు ఊళ్లలో నల్ల ఈగల కాటుతో వచ్చే అంధత్వాన్ని ఆపుతుందని తేలింది. ఏడాదికి ఒకటి రెండు డోసులు చాలు. చిక్కేమిటంటే ఆ జబ్బున్నవాళ్ల దగ్గర పైసా లేదు, వాళ్ల తరఫున ఖర్చు పెట్టడానికీ ఎవరూ ముందుకు రాలేదు. అప్పటి సీఈవో రాయ్ వాజెలోస్ 1987లో ప్రకటించాడు: ఎంత కావాలంటే అంత, ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు, ఉచితం. ఆ పంపిణీ ఇప్పటికీ ఆగలేదు. 2013లో కొలంబియా ఆ జబ్బు లేని దేశమని డబ్ల్యూహెచ్‌ఓ తేల్చింది, తర్వాత ఇంకొన్ని దేశాలు.

పశువుల మందు లాభాలు లేకపోతే ఆ మాట అనగలిగేవాడా? కష్టం. కానీ లాభాలొచ్చిన ప్రతి కంపెనీ ఆ మాట అనలేదు కదా.

లెక్కలపుస్తకం:
ఇది నా పాయింటా, వాళ్ల పాయింటా అర్థం కావడం లేదు. సరే ఇద్దరం పంచుకుందాం.

సప్లయర్‌సోదరుడు:
దానాలు వేరు, రోజువారీ వ్యాపారం వేరు. ఇక్కడ చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కి, అంటే సామాజిక బాధ్యత పనులకి, ఖర్చు పెట్టాలి. పెడుతున్నారు. బడులు కడుతున్నారు, మంచిదే. నేనడిగేది మిగిలిన 98 శాతం ఎలా సంపాదించారని.

రాణా ప్లాజా గుర్తుంది కదా. బంగ్లాదేశ్‌లో 2013 ఏప్రిల్ 24న కూలిన ఎనిమిది అంతస్తుల బిల్డింగ్. ముందు రోజే గోడలు పగుళ్లిచ్చాయి. కింద అంతస్తుల్లో ఉన్న బ్యాంకు, షాపులు మూసేశారు. పైన బట్టలు కుట్టేవాళ్లని మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు. 1,100 మందికి పైగా చనిపోయారు. అక్కడి నుంచి బట్టలు కొన్న విదేశీ బ్రాండ్లలో చాలావాటికి సప్లయర్లు పాటించాల్సిన నీతి నియమావళులు ఉన్నాయి. పగిలిన గోడ కింద మనుషుల్ని కూర్చోబెట్టింది ఎవరంటే ఫ్యాక్టరీ ఓనర్ అంటాం. నిజమే, వాడి తప్పు పెద్దది. కానీ లేటయితే ఆర్డర్ పోతుందన్న భయం వాడికి ఎక్కడి నుంచి వచ్చింది?

ఆ తర్వాతే కదా బ్రాండ్లూ కార్మిక సంఘాలూ కలిసి కోర్టులో నిలబడే ఒప్పందం, అకార్డ్, రాసుకున్నాయి. బిల్డింగుల తనిఖీలు చేయించాయి. ఇల్లు కాలాక బావి తవ్వినా, బావి అంటూ తవ్వారు.

నిర్వాహకులు:
మొక్కలు నాటే ఫొటోల మీద వచ్చిన ఏడు కామెంట్లు తీసేశాం. జోకులు బాగున్నాయి గానీ, చర్చ మేడం గారి ప్రశ్న మీద సాగనివ్వండి.

కొత్తపగ్గాలు:
మేస్త్రి గారూ, స్టోర్‌లో ఇద్దరితో కూర్చుని మూడు నెలల స్లిప్పులు విడదీశాను. కడగడానికి మాత్రమే రెండు రోజులకో డ్రమ్ము. రెండు వందల లీటర్ల డ్రమ్ము. కడిగాక వచ్చేది మురికి డ్రమ్ముల్లో పోసి పంపేస్తున్నాం, దానికీ డబ్బు కడుతున్నాం. కొన్నందుకు ఒకసారి, పారేసినందుకు ఒకసారి.

పాతమేస్త్రి:
అనుకున్నాను. ఇప్పుడు జాబ్ ప్లానింగ్ చార్ట్ చూడమ్మా. ఒకే మిషన్ మీద లేత పసుపు తర్వాత నలుపు, నలుపు తర్వాత మళ్లీ తెలుపు వేస్తున్నారా? నలుపు నుంచి తెలుపుకి రావాలంటే మూడుసార్లు కడిగినా అనుమానమే. లేత రంగులు ముందు, ముదురువి తర్వాత వరసగా పెట్టుకుంటే కడుగుడు బాగా తగ్గుతుంది. పైసా పెట్టుబడి లేదు. కడిగిన సాల్వెంట్‌ని మరిగించి శుభ్రం చేసే చిన్న డిస్టిలేషన్ యూనిట్‌లో వేసి మళ్లీ కడగడానికే వాడొచ్చు, అది తర్వాతి సంగతి.

మా రోజుల్లో ఆ వరస ఎందుకు చెడేదో కూడా చెప్తాను. సాయంత్రం నాలుగింటికి సేల్స్ నుంచి ఫోన్, "అర్జెంట్, ఈ రాత్రికే ఎక్కించండి". మా ఓనర్ గారు ఒక్కరికీ కాదనలేదు. పెద్ద మనసు అనేవాళ్లు. ఆ మనసు ఖరీదు కడుగుడు కుర్రాడికి తెలిసేది. టోల్యూన్ అనే సాల్వెంట్ వాసనకి సగం షిఫ్ట్ అయ్యేసరికి తల పట్టుకుని కూర్చునేవాడు.

చినుకు:
మేస్త్రి గారికి దండం. నేను మళ్లీ వస్తానన్న పాయింట్ ఇదే, ఆయన నాకంటే బాగా చెప్పారు. కాలుష్యం చిమ్నీలో పుట్టదు, ఆ నాలుగింటి ఫోన్‌లో పుడుతుంది. సప్లయర్ గారి తొమ్మిది రోజుల డెలివరీ కూడా అలాంటి ఫోనే. ఎండీ అనే మనిషి ఏ ఫోన్‌కి కాదంటాడో దాన్నిబట్టే ఫ్లోర్ మీద డ్రమ్ముల లెక్క ఉంటుంది. దీనికి విడిగా పర్యావరణ విభాగం పెట్టి, దానికో మేనేజర్‌ని వేసి, సేల్స్ వాళ్లకి మాత్రం పాత ఇన్సెంటివే ఇస్తే ఏమీ మారదు.

ఒక హెచ్చరిక కూడా. కడగడంలో పోయేది చిన్న వాటా. అసలు భారం డ్రైయర్‌లో ఇంకు ఆరేటప్పుడు ఆవిరయ్యేది. ఆ ఆవిరిని పట్టి మళ్లీ సాల్వెంట్‌గా మార్చే రికవరీ ప్లాంటు పెట్టాలంటే పెద్ద ఖర్చే. మీరు రెండు మూడు సాల్వెంట్లు కలిపి వాడుతుంటే, పట్టినా మళ్లీ విడదీయడం తలనొప్పి. టోల్యూన్ మానేసి, ఇథైల్ ఎసిటేట్ అనే సాల్వెంట్ ఒక్కదానితో నడిచే ఇంకులకి ముందు మారండి. కుర్రాళ్ల తలనొప్పి ఇప్పుడే తగ్గుతుంది, రికవరీ ప్లాంటు ఎప్పుడు పెట్టుకున్నా లెక్క కుదురుతుంది. నీళ్ల ఇంకులు ఫిల్మ్ మీద నెమ్మదిగా ఆరతాయి, సిలిండర్ల మీద ఇంకు పట్టేలా చెక్కిన గుంటల లోతు మార్చుకోవాలి. వాటి జోలికి ఒక మిషన్‌తో ట్రయల్ వేశాకే వెళ్లండి.

లెక్కలపుస్తకం:
రంగుల వరసకి నా అభ్యంతరం ఏమీ లేదు, అది శుద్ధ ఆదా. రికవరీ ప్లాంటు దగ్గర మాత్రం బ్యాంకుని అడిగే ముందు నన్ను అడగండి మేడం. అర్జెంట్ ఆర్డర్‌కి అదనపు చార్జీ పెట్టి చూడండి ముందు. సగం అర్జెంట్లు ఆ రోజే మామూలు ఆర్డర్లు అయిపోతాయి.

సప్లయర్‌సోదరుడు:
హహ. ఇది మా కస్టమర్‌కి ఫార్వర్డ్ చేయాలనిపిస్తోంది. చేయను.

కొత్తపగ్గాలు:
పదహారు రోజుల తర్వాత వస్తున్నాను, క్షమించాలి. రెండు మిషన్ల మీద లేత నుంచి ముదురు వరస మొదలుపెట్టాం. మొదటి వారమే సేల్స్ మేనేజర్‌తో గొడవ. ఒక కస్టమర్ అలిగి ఒక ఆర్డర్ వేరేచోట ఇచ్చాడు. పెదనాన్న ఆ రోజు నాతో మాట్లాడలేదు. రెండో వారానికి డ్రమ్ము మూడో రోజు దాకా వచ్చింది. ఆర్డర్ పోయిన నష్టం ఇంకా పూడలేదు, అది కూడా నిజమే చెప్పాలి.

నిన్న ప్రశ్నావళి ముందేసుకుని కూర్చున్నాం. నలభై ఒకటో ప్రశ్న, గాల్లో కలిసే సాల్వెంట్ ఎంత. మా క్వాలిటీ అతను "పరిమితుల లోపలే" అని రాసిపెట్టాడు. పెదనాన్న కళ్లజోడు పెట్టుకుని చూసి, "కొలిచామా?" అని అడిగారు. లేదన్నాను. ఆయనే పెన్ను తీసుకుని అది కొట్టేసి, "ఇంతవరకు కొలవలేదు. వాడకం లెక్క ఈ నెల నుంచి రాస్తున్నాం" అని రాశారు. కస్టమర్ ఏమంటాడో చూడాలి.

పాతమేస్త్రి:
మంచిదమ్మా. డ్రమ్ముల లెక్క ఎవరు రాస్తున్నారు? సూపర్‌వైజర్ అయితే సాయంత్రం గుర్తున్నంత రాస్తాడు.

కొత్తపగ్గాలు:
కడిగే కుర్రాడే రాస్తున్నాడు మేస్త్రి గారూ. సుద్దముక్కతో, డ్రమ్ము మీదే.